బండల బస్తీ చివరి నల్లా

తాండూరులో నీళ్ళు వదిలేవాళ్ళ దగ్గర పైన అడ్డపిడి ఉన్న పొడవాటి ఇనుప చాబీ ఉంటుంది. రోడ్డు పక్క వాల్వు గుంత మీది బండ జరిపి, ఆ చాబీని లోపలికి దించి తిప్పితే ఒక్కో గల్లీకి నీళ్ళు పోతాయి. రాహేలమ్మ చాబీ ఆమె మొగుడు మత్తయ్యది. అతని అరచేతుల రాపిడికి పట్టుకునే చోట ఇనుము నున్నబడి ఎండలో మెరిసేది. మత్తయ్య పోయాక ఆ పని ఆమెకిచ్చారు. చాబీ ఆమె భుజం దాటి ఉంటుంది. కోసి పొట్టి చేసిస్తామంటే వద్దంది.

ఊరి చివర, పాత బండల గని అంచున ఉన్న బండల బస్తీకి పోయేది పాతకాలపు ఇనుప పైపు. ఆ లైనుకు మత్తయ్య ఒక పద్ధతి పెట్టాడు. వాల్వు తిప్పే ముందు చాబీతో పైపు మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ఆ చప్పుడు ఇనుము వెంట పరుగెత్తి బస్తీలోని చివరి నల్లా దాకా పోయేది. అక్కడ బుగ్గమ్మ అనే ముసలామె రాయితో నల్లా మీద రెండు దెబ్బలు కొట్టేది. బిందెలు పెట్టాం, వదులు అని. అందరివీ నిండాక ఒక్క దెబ్బ. అంటే చాలు, కట్టెయ్యి అని.

ఫోన్లు వచ్చాక కూడా ఆ పద్ధతి మారలేదు. "ఫోన్ జేస్తె బుగ్గవ్వ ఇంటింటి ముచ్చట జెప్తది. నీళ్ళు ఇడుసుడు మర్చిపోత. గిదైతే రెండు దెబ్బలకు ఒడుస్తది" అని మత్తయ్య నవ్వేవాడు.

రెండేళ్ళ కింద ఎండాకాలంలో ఆ నల్లా దగ్గరే లీకు బాగుచేస్తూ మత్తయ్య వడదెబ్బకు పడిపోయాడు. జనం వచ్చి లేపేసరికి ప్రాణం లేదు. చేతిలోని పానాను వేళ్ళు విప్పి తీయాల్సి వచ్చింది.

రాహేలమ్మ పనిలో చేరిన తొలిరోజు పైపు మీద మూడు దెబ్బలు కొట్టింది. అవతల నుంచి రెండు వచ్చాయి. తనను ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది. బుగ్గవ్వ మంచిది, నన్ను మత్తయ్య లాగానే చూసుకుంటోంది అనుకుని ఆ గుంత పక్కనే కూర్చుని ఏడ్చింది.

తర్వాత ముప్ఫై ఏళ్ళ ప్లాను వచ్చింది. రాబోయే ముప్ఫై ఏళ్ళలో ఊరు ఎంత పెరుగుతుంది, నీళ్ళెక్కడినుంచి తేవాలి, మురికినీళ్ళు ఎక్కడ శుద్ధి చేయాలి, చెత్త ఎక్కడ పోయాలి అని లెక్కలు వేశారు. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసినవాళ్ళలో రాహేలమ్మ బిడ్డ రెబెక్క కూడా ఉంది. ఒకరోజు ఆఫీసు గోడ మీది మ్యాపును తల్లికి చూపించింది. నీలం గీతలు నీళ్ళవి. మట్టిరంగు గీతలు మురుగువి. బండల గని ఉన్నచోట నల్లగా అడ్డగీతలు.

"బస్తీ ఏదే?" అని అడిగింది రాహేలమ్మ.

"బస్తీ లేదమ్మా. గనిల చెత్త పోస్తరు. బస్తీవాళ్ళకు వికారాబాద్ రోడ్డు దిక్కు కొత్త ఇండ్లు కట్టిస్తున్నరు గద."

మొన్నటి చలికాలంలో బస్తీ ఖాళీ అయింది. జనం రేకులు, తలుపులు, కిటికీలు పీక్కుని పోయారు. నాపరాతి గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి. ప్లాను పని చూసే ఇంజనీరు చంద్రశేఖర్ ఆ లైను కట్టెయ్యమన్నాడు. రాహేలమ్మ సరేనంది. చివరిసారి అనుకుంటూ గుంత దగ్గరికి పోయి, అలవాటు కొద్దీ మూడు దెబ్బలు కొట్టింది.

రెండు వచ్చాయి.

ఎవరూ లేని బస్తీ నుంచి వచ్చాయి. ఆమె చేతులు వాటంతటవే వాల్వు తిప్పాయి. కొంతసేపటికి ఒక్క దెబ్బ వినిపించింది. కట్టేసింది. లైను బందయిందని ఇంజనీరుకు చెప్పింది. ఆ తర్వాత కూడా వంతు వచ్చిన ప్రతిసారీ కొడుతూనే ఉంది, జవాబు వస్తూనే ఉంది, నీళ్ళు వదులుతూనే ఉంది. మొండి బుగ్గమ్మ కొత్త ఇంటికి పోకుండా అక్కడే ఉండిపోయిందేమో అని తనకు తానే చెప్పుకుంది. పోయి చూడటానికి మాత్రం కాళ్ళు రాలేదు.

వానలు దగ్గరపడ్డాయి. గని అడుగు ఆరలేదు. చంద్రశేఖర్ ఆఫీసుకు వచ్చి తల పట్టుకున్నాడు.

"ఎక్కడినుంచో నీళ్ళు దిగుతున్నయి రాహేలమ్మా. తడి ఆరితేనే అడుగున ప్లాస్టిక్ షీటు పరవగలం. వానలు మొదలైతే ఇక పరవలేం. షీటు లేకుండ చెత్త పోస్తే ఆ మురికి బండల సందుల్లోంచి కింద బోర్లలోకి పోతది. ఆ లైను బంద్ జేసినవు కదా?"

"జేసిన సారూ."

అక్కడే ఉన్న రెబెక్క తల్లి ముఖం చూసింది. ఆ ముఖం అబద్ధానికి అలవాటుపడింది కాదు.

మధ్యాహ్నం ఆమె తల్లి వెంటే గుంత దగ్గరికి పోయింది. "నిజం జెప్పు. ఇడుస్తున్నవా?"

రాహేలమ్మ జవాబుగా చాబీ ఎత్తి మూడుసార్లు కొట్టింది. ఎండకు రోడ్డు మీద మనిషి లేడు. నాపరాతి పాలిష్ మిల్లుల నుంచి లేచిన తెల్లటి దుమ్ము చెట్ల మీద, కరెంటు తీగల మీద కదలకుండా ఉంది. గుంతలోంచి రెండు దెబ్బలు వినిపించాయి.

రెబెక్క ఒకడుగు వెనక్కి వేసింది. "గాలమ్మా. పైపుల గాలి ఇరుక్కుంటే గట్లనే సప్పుడొస్తది."

"గాలికి లెక్కొస్తదా బిడ్డా?"

వాల్వు తిప్పకుండానే ఇద్దరూ బస్తీకి నడిచారు. గోడల మధ్య తెల్ల దుమ్ము పరుపులా పేరుకుని ఉంది. దాని మీద మనిషి అడుగు లేదు, కుక్క అడుగు కూడా లేదు. చివరి నల్లా తిప్పి ఉంది. కింద తడి. ఆ తడి సన్నటి దారిలా గని అంచు దాటి లోపలికి దిగింది. రాహేలమ్మ వంగి చూసింది. నల్లా ఇత్తడి మీద దెబ్బల చొట్టలు. పాతవన్నీ నల్లబడ్డాయి. ఒకచోట మాత్రం కొత్త దెబ్బకు లోహం బంగారంలా మెరుస్తోంది. చుట్టుపక్కల చేతిలో పట్టే రాయి ఒక్కటీ లేదు.

"బుగ్గవ్వా!" అని పిలిచింది. గని ఆ పిలుపును మింగేసింది. తిరిగి ఇవ్వలేదు.

"పోయి బుగ్గవ్వనే అడుగుదం పా," అంది రెబెక్క.

కొత్త ఇళ్ళు గని కన్నా పల్లంలో ఉన్నాయి. బుగ్గమ్మ తన గడపలో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. రాహేలమ్మను చూసి చాట పక్కన పెట్టింది.

"ఏమే రాహేలు, గింత చిక్కిపోతివి! నీళ్ళ ఆఫీసరమ్మవు, నీకే నీళ్ళు దొరుకతలేవా?"

"అవ్వా, నువ్వు బస్తీకి పోతున్నవా?"

"నాకేం పని? మోకాళ్ళు లేస్తనే లేవు."

"మరి నల్లా మీద కొట్టేదెవరు? నేను కొడితే మర్ల కొట్టేది?"

బుగ్గమ్మ ముఖంలో నవ్వు పోయింది. గడప లోపలికి చూసి, వినేవాళ్ళు లేరని తెలుసుకుని మెల్లగా అంది.

"నీకు జెప్పొద్దనుకున్న. మత్తయ్య ఆడ పడిపోయిన దినం కెల్లి నేను ఆ నల్లా మీద రాయితో కొట్టలేదు. చేతులు రాలె. అయినా నువ్వు కొట్టంగనే సప్పుడైతుండె. మేమందరం బిందెలు పట్టుకుని దూరం నిలవడుతుంటిమి. అయిపోయినంక ఒక్కటి కొడుతుండె. ఎవరం ఏమనలె. నీళ్ళైతే వస్తుండె గద అని ఊకున్నం."

రాహేలమ్మ గడప పట్టుకుని కూర్చుంది. రెండేళ్ళు. ప్రతిసారీ తను మూడు కొట్టడం, అతను రెండు కొట్టడం. తను ఎవరితో మాట్లాడుతోందో తెలియకుండానే రెండేళ్ళు మాట్లాడింది. భయం వేయాలి. వేసింది కూడా. కానీ ఆ భయం కింద, ఇంకా ఉన్నాడు అనే మాట మెదిలింది. వాల్వు కడితే ఇక ఉండడు.

బుగ్గమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. "తాగు. మా బోరు నీళ్ళే. జర ఉప్పగుంటయి గాని మంచిగనే ఉన్నయి."

రాహేలమ్మ చెంబులోకి చూసింది. గనిలో చెత్త తడిలో నానితే ఆ మురికి దిగేది ఈ బోరులోకే అని తల్లీబిడ్డలిద్దరికీ తెలుసు.

తాగి చెంబు ఇచ్చేసి లేచింది.

పొద్దు ఇంకా వాలలేదు. గుంత మీది బండను తల్లీబిడ్డా కలిసి జరిపారు. రాహేలమ్మ మూడు దెబ్బలు కొట్టింది. రెండు వచ్చాయి. వాల్వు తిప్పింది. పైపులో నీళ్ళు మేల్కొని నడిచిన చప్పుడు చాబీ గుండా ఆమె చేతుల్లోకి ఎక్కింది. ఆ ఒక్క దెబ్బ కోసం ఎదురుచూసింది. రాలేదు. రెబెక్క నీడ జరిగింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. అవతల ఉన్నవాడు ఈసారి చాలు అనడం లేదు.

ఇన్నాళ్ళూ ఆ మాట అటునుంచే వచ్చేది. రాహేలమ్మ గుంత అంచున మోకాళ్ళ మీద కూర్చుని పైపు దగ్గరికి ముఖం వంచింది.

"ఈ రెండేండ్లు మనం అప్పు దెచ్చుకున్న కాలమే. బుగ్గవ్వ గని కింది బోరు నీళ్ళు తాగుతున్నది. పిల్లలు తాగుతున్నరు. నువ్వు ఒకరి బిందెల మురికి పడనిచ్చినోడివి గాదు." పైపు మీద చెయ్యి పెట్టింది. "చాలు మత్తయ్యా."

చాబీ ఎత్తి ఒక్కసారి కొట్టింది.

ఏమీ లేదు. మిల్లులో రాయి కోసే రంపం ఆగింది. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. అప్పుడు ఇనుము లోపలినుంచి, చాలా దూరం నడిచి అలసిపోయినట్టు, ఒక్క దెబ్బ వచ్చింది.

ఆమె చాబీ తిప్పబోయింది. చేతులకు బలం చాలలేదు. రెబెక్క వచ్చి, నున్నబడిన చోటును ఖాళీగా వదిలి, అడ్డపిడి రెండో కొన పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఇక తిరగనంత వరకు తిప్పారు. నీళ్ళ చప్పుడు సన్నబడి, సన్నబడి, పోయింది.

మరునాడు మనుషులు వచ్చి పైపు కోసి మూతి బిగించారు. వానలకు ముందే గని అడుగు ఆరింది. గాలి అన్న మాట రెబెక్క మళ్ళీ ఎత్తలేదు.