ఎనిమిదో పేరు

వడగండ్ల వాన వెలిసిన మరునాడు ఆ గోధుమ సీమలో మొదట ఫోను మోగేది ఎల్‌ఫ్రీదా వోత్ ఇంట్లోనే. కాన్సస్‌లోని ఆ చిన్న ఊళ్ళో, చుట్టుపక్కల పొలాల్లో, ఆమె చెయ్యి పడని పైకప్పు అరుదు. పెళ్ళికి ముందు తండ్రితోనూ, పెళ్ళయ్యాక భర్త ఓర్లన్‌తోనూ కలిసి ఎన్ని పశువుల కొట్టాలకు, ఎన్ని ట్రాక్టరు షెడ్లకు ఇనుపరేకులు పరిచిందో ఆమెకే గుర్తులేదు. అరవై దాటినా నిచ్చెన మీద ఆమె అడుగు తడబడదు. దూలంపై కూర్చున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించే ప్రశాంతి కొందరికి ప్రార్థనలో కూడా దొరకదు.

ఆ ఊరి మెన్నోనైటు క్రైస్తవ సంఘం ఏటా చలికాలం చివర ఎనిమిది మందిని హోండురాస్ కొండల్లోకి పంపుతుంది. తుఫాను కూల్చిన బడులను, ఇళ్ళను వారు తమ చేతులతో తిరిగి నిలబెట్టి వస్తారు. ఎల్‌ఫ్రీదా మనసు ఏటా వారి వెంట వెళ్ళేది. మనిషి మాత్రం వంటింట్లో ఉండిపోయేది. ప్రయాణికులకు దారిలో తినడానికి జ్విబాక్ రొట్టెలు కాల్చి సంచులకెత్తడం ఆమె వంతు.

వినయమే ఆ సంఘానికి ఆభరణం. పిలుపు మరొకరి నోట రావాలి. వచ్చినా ఒకమారు కాదనాలి, రెండోమారు తల వంచాలి. తన పేరు తాను చెప్పుకున్నవారు ఆ సంఘంలో లేరు. ఎల్‌ఫ్రీదా పేరు ఏ ఏడూ ఎవరి నోటా రాలేదు.

"రేపు మళ్ళీ పేర్లు చదువుతారు," అంది ఆమె శనివారం భోజనాల దగ్గర. "ఈసారి బడి పైకప్పట. ఇనుపరేకులట."

"నువ్వే చెప్పెయ్యరాదూ?" అన్నాడు ఓర్లన్, గిన్నెలోని గ్రేవీని కంచంలోకి ఒంపుకుంటూ.

"నా పేరు నేనే చెప్పుకోనా? మీ అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

"రానీ. పనిలో పనిగా నీ గ్రేవీలో ఉప్పు తక్కువైందని చెప్పి పోతుంది."

ఆమె నవ్వలేదు. మోకాళ్ళు ఇంకెన్నాళ్ళో మాట వినవని ఆమెకు తెలుసు. ఈ ఏడు వెళ్ళకపోతే ఇక వెళ్ళడం ఉండదు.

ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ గుడి కింది గదిలో కాఫీ కప్పులతో కూర్చున్నారు. ధాన్యం గిడ్డంగి నడిపే గెర్హార్డ్ ఉన్రూ ఆ బృందానికి నాయకుడు. అతడు ఇదివరకే సభ్యులు చెప్పిన ఏడు పేర్లు చదివి ఆగాడు.

"ఎనిమిదో మనిషి కావాలి. ఎవరి పేరైనా చెప్పండి."

అందరి చూపులూ బూట్ల మీదికి దిగాయి. ఎవరో ఓర్లన్ చెల్లెలు మెర్లా పేరు చెప్పారు.

"నన్నా? కుర్చీ ఎక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి," అంది మెర్లా. "పైకప్పు ఎక్కిస్తే అక్కడే సమాధి కట్టాలి."

నవ్వులు అణగాక మరో పేరు ఎవరి నోటా రాలేదు. గెర్హార్డ్ తన కాగితం మడవసాగాడు. "సరే, ఏడుగురమే వెళ్దాం."

ఎల్‌ఫ్రీదా లేచి నిలబడింది. కుర్చీ నేలను గీరుకుంటూ వెనక్కి జరిగింది.

"నేను వెళ్తాను. రేకుల పని నాకు బాగా వచ్చు."

మొదటి మాటకు తలలు ఎత్తినవారు రెండో మాటకు కప్పులు కింద పెట్టారు. సంఘంలో అందరికన్నా పెద్దవాడైన యాకోబ్ ష్రాగ్ చేతికర్ర ఆనించుకుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, నీ పనితనం ఎరగని వాళ్ళెవరూ ఇక్కడ లేరు. కానీ పిలుపు పక్కవాళ్ళ నోట రావడం మన పద్ధతి. నీ నోట నువ్వే అంటే ఎట్లా?"

"తాతా, ఎవరిని పంపనూ అని దేవుడు అడిగినప్పుడు ప్రవక్త 'నన్ను పంపు' అన్నాడే గానీ పక్కవాడి పేరు చెప్పలేదు కదా."

యాకోబ్ ష్రాగ్ తెల్లని మీసం కింద పెదవి కదిలింది. "అవును, చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పక్కవాడు కూడా మనలాగే కాదనేవాడు."

గెర్హార్డ్ ముఖం ఎర్రబడింది. "అక్కా, ఏటా నీ పేరు చెబుదామనే అనుకుంటాను. నువ్వెప్పుడూ ఏమీ అనవు. నీకు ఇష్టం లేదేమో, ఇరకాటంలో పెడతానేమోనని ఊరుకున్నా."

"నేనూ అంతే," అంది వెనకనుంచి ఒకామె. "మేమూ అంతే," అన్నాడు మరొకాయన.

ఎల్‌ఫ్రీదా అందరి వంకా కలయజూసింది. "మీరు అడగలేదని నేను మాట్లాడలేదు. నేను మాట్లాడలేదని మీరు అడగలేదు. మనందరికీ వినయం కాస్త తగ్గాలి," అంటూ కూర్చుంది. ఓర్లన్ బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తరువాతి వారాలు టీకాలతో, పాస్‌పోర్టుతో, స్పానిషు మాటలతో గడిచాయి. సుత్తులు, మరలు బిగించే యంత్రం, రేకు కత్తెరలు పెట్టాక పెట్టెలో బట్టలకు మిగిలింది ఒక మూలే. రొట్టెలు ఈసారి మెర్లా కాల్చింది.

"కాస్త గట్టిగా వచ్చాయి వదినా," అంది సంచి అందిస్తూ. "తినలేకపోతే దూలం కింద చెక్కలుగా పెట్టుకో."

బయలుదేరే ముందు ఆదివారం హస్తనిక్షేపణ జరిగింది. ఎనిమిది మంది మోకరిల్లగా పెద్దలు వారి తలలపై చేతులుంచారు. వాద్యమేదీ లేకుండా నాలుగు స్వరాల్లో ఎగసిన కీర్తన గుడి దూలాలను ఊపింది. ఎల్‌ఫ్రీదా తలపై ఆనిన చెయ్యి యాకోబ్ ష్రాగ్‌ది.

విచిటా విమానాశ్రయంలో బృందమంతా విమానం ఎక్కే ద్వారం ముందు ఆగిపోయింది. "మీరు ముందు," "లేదు, మీరే ముందు." వెనకున్న వారందరూ పక్కనుంచి దూరి లోపలికి పోతున్నారు. తలుపు మూయబోతున్న ఉద్యోగిని చూసి ఎల్‌ఫ్రీదా గెర్హార్డ్ వీపున చెయ్యి వేసి నెట్టింది. "పద తమ్ముడూ. నువ్వు వినయంగా నిలబడితే విమానం వినయంగా వెళ్ళిపోతుంది."

రెండు విమానాలు, ఒక బస్సు, చివర ఒక లారీ మారాక కొండ మీది పల్లె వచ్చింది. చెపా అనే ఇల్లాలు అతిథుల కోసం ఇంట్లోని కోడిని కోసింది. అన్నం, బీన్సు, మొక్కజొన్న రొట్టెల నడుమ కోడి తొడలున్న పళ్ళెం బల్ల చుట్టూ తిరిగింది. ప్రతివారూ పక్కవారికి జరిపారు. తిరిగి తిరిగి పళ్ళెం నిండుగానే చెపా ముందుకు వచ్చింది. ఆమె ముఖం చిన్నబోయింది.

ఎల్‌ఫ్రీదా చెయ్యి చాచి పెద్ద ముక్క తీసుకుని, ఎముక తేలేదాకా తింది. తరువాత పళ్ళేన్ని మళ్ళీ తనవైపు లాక్కుంది.

"ఈమె తింటుంది," అంది చెపా, మొదటిసారి నవ్వుతూ. "తక్కిన వాళ్ళకు ఏం జబ్బు?"

స్పానిషు తెలిసిన గెర్హార్డ్ ఆ మాటను తర్జుమా చేయగానే ఏడు చేతులు ఒక్కసారిగా పళ్ళెం వైపు సాగాయి.

తెల్లవారి బడి గోడల దగ్గర ఎలియాసర్ అనే ఆ ఊరి పనివాడు నిచ్చెన ఆనించి నిలబడి ఉన్నాడు. కొత్త దూలాలపై మంచు ఇంకా ఆరలేదు. "మీలో మేస్త్రి ఎవరు?" అని అడిగాడు. గెర్హార్డ్ పక్కవాని వైపు తిరిగాడు. ఆ పక్కవాడు మరొకరి వైపు తిరిగాడు.

"నేను," అంది ఎల్‌ఫ్రీదా.

ఎలియాసర్ ఆమెను తలనుంచి బూట్లదాకా చూశాడు. సుత్తి పిడి అరిగిన చోటు చూశాడు. ఇక ప్రశ్న వేయక నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె పైకెక్కి కూర్చున్నాక అతడూ ఎక్కి, పైన్ చెట్ల కొండ వైపు వేలు చూపి, ఇక్కడ గాలి అటునుంచి కొడుతుందని, రేకుల అంచు దానికి ఎదురుగా ఉండకూడదని సైగలతో చెప్పాడు.

"మా ఊళ్ళో గాలి దక్షిణం నుంచి," అంది ఆమె తనకు వచ్చిన కొద్ది స్పానిషులో. "ఇక్కడ నీ మాటే." అక్కడినుంచి రేకులు మొదలుపెట్టేందుకు ఇద్దరూ దూలం మీదుగా అవతలి చివరకు జరిగారు.

ఆమె కిందికి వంగి చూసింది. "గెర్హార్డ్, చూస్తూ నిలబడకు. మొదటి రేకు అందించు."