వదిన మళ్లీ కోసిన చొక్కాలు

మా అన్నయ్య కటింగ్ మాస్టర్. మనిషి గుమ్మం దాటి లోపలికి వస్తుండగానే భుజం కొలత చెప్పేవాడు. తర్వాత టేపు వేసేది ఎదుటివాడి తృప్తి కోసం. పొగరూ దానికి తగ్గట్టే ఉండేది. ఆ దర్జీ దుకాణంలోనే కాజాలు కుట్టే చెల్లెలిని నేను. పాతికేళ్లు ఆ పొగరు భరించాను. ఇప్పుడా పొగరుకు తగ్గ పనితనం మళ్లీ కనిపిస్తే చాలనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం తల పగిలిపోతోందన్నాడు. ఆసుపత్రికి పద అంటే, "ఈ యూనిఫాంలు కోసేసి వస్తాలే" అని తలకు గుడ్డ బిగించాడు. మూడు గంటలు అలాగే కోసి, బల్ల మీదే వాలిపోయాడు. మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లిందన్నారు. ఆపరేషన్ చేసి క్లిప్పు పెట్టారు. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారే, అలా బతికాడు. నిజానికి కళ్లు బాగానే ఉన్నాయి, మెదడే ఎడమవైపు చూడడం మానేసింది. కంచంలో కుడి సగం తిని, "ఇంతేనా పెట్టేది?" అని వదినను విసుక్కునేవాడు. కంచం తిప్పి పెడితే మిగతాది తినేవాడు.

డాక్టరమ్మ వదినకూ నాకూ విడమరిచి చెప్పింది. "రక్తం బాగా చిమ్మింది, తేవడం ఆలస్యమైంది, వయసూ పైబడింది. వాటినిప్పుడు మార్చలేం. ఈ ఆరు నెలలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి. తప్పు చేస్తే అక్కడికక్కడే చూపించండి. తల ఎడమకు తిప్పి వెతుక్కోనివ్వండి. మీరు చేసిపెట్టకండి. తర్వాత మెదడు ఇంత తొందరగా నేర్చుకోదు."

మాత్రలు, నడక, ఉప్పు, సిగరెట్లు... వీటిలో వదిన దగ్గర అన్నయ్య పప్పులేం ఉడకలేదు. అన్నీ గడియారం ప్రకారం జరిగాయి.

దుకాణానికొచ్చి మొదటి చొక్కా కోసిన రోజు తప్పు నేనే చూపించాను. గుడ్డకు ఎడమవైపు సుద్ద గీతే లేదు. అన్నయ్య తల తిప్పి, వేళ్లతో తడిమి చూసుకుని, కత్తెర కింద పెట్టేశాడు. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. వదిన నా మీద మండిపడింది.

"చచ్చి బతికిన మనిషిని మళ్లీ చంపుతావా? ఇంకోసారి నోరెత్తావంటే ఊరుకోను."

ఎత్తలేదు. అదే నేను చేసిన పాపం.

అన్నయ్య మళ్లీ కత్తెర పట్టాడు. ఆ తర్వాత రోజూ అతను భోంచేసి కునుకు తీయగానే, అతను పాడుచేసిన చొక్కాలను అదే రకం గుడ్డ తెచ్చి వదిన మళ్లీ కోసేది. పెళ్లయినప్పటి నుంచి చూసి చూసి నేర్చుకున్న చెయ్యి ఆమెది. పాడైన ముక్కలు నేను సంచిలో కుక్కేదాన్ని. "మాస్టారూ, మీ చెయ్యి ఇసుమంతైనా తగ్గలేదు!" అని ఎవరైనా అంటే అన్నయ్య మీసం దువ్వుకునేవాడు. ఆ ముఖం చూస్తే వదినకు కడుపు నిండేది. నిజం చెప్పొద్దూ, నాకూ నిండేది.

ఆరు నెలలకు డాక్టరమ్మ కాగితం నిండా గీతలున్న పరీక్ష ఇచ్చి, ఒక్కో గీతనూ అడ్డంగా కొట్టెయ్యమంది. అన్నయ్య కుడి సగం కొట్టేసి, దర్జాగా పెన్ను పెట్టేశాడు.

"ఇంట్లో సాధన చెయ్యడం లేదా?" అందామె.

అన్నయ్యకు రోషమొచ్చింది. "రోజూ చేస్తున్నానమ్మా. ఒక్క చొక్కా తిరిగి రాలేదు."

అతని ఎడమ పక్క కుర్చీలో వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. నాకిక ఆగలేదు. "అన్నయ్యా, అవి నువ్వు కోసినవి కావు."

నవ్వాడు. కుడివైపున్న నన్నే చూస్తూ అన్నాడు: "నీకెప్పుడూ వేళాకోళమే. మీ వదినేదే? పిలువు. నా కటింగ్‌లో తప్పుందేమో అదే చెబుతుంది."