సావిత్రమ్మ గోడ మీద మరపెరగని డబ్బా

ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊరు కొంటాలో సావిత్రమ్మకు తన జ్ఞాపకశక్తి మీద మహా గర్వం. మామగారి నాటి బట్టల కొట్టు వాళ్లది. వచ్చినవాళ్ల తాత ఏ రంగు తలపాగా కొన్నాడో చెప్పి కూర్చోబెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. కొట్టు పక్కనే ఆన్‌లైన్ సెంటర్ పెట్టాక, యాభై రెండేళ్ల వయసులో కేబుళ్లు లాగడం తనే నేర్చుకుంది. కంప్యూటర్లనూ ప్రింటర్నూ ఒకదానితో ఒకటి కలిపే డబ్బాను స్విచ్చి అంటారు; గదికో చిన్న స్విచ్చి, వాటన్నిటినీ కలుపుతూ గోడ మీద ఒక పెద్ద స్విచ్చి. ఏ యంత్రం ఏ గదిలో ఉందో పెద్దది గుర్తుపెట్టుకుంటుంది. ఐదు నిమిషాలు ఉలుకూ పలుకూ లేని యంత్రాన్ని మరిచిపోతుంది.

"మన ఇంట్ల ఉండి గింత జల్దీ మరుస్తదా!" అని సావిత్రమ్మ ఆ గడువు తీసి పారేసింది.

సంత రోజు పొద్దున్నే ఎర్రబోరు ఊరి నుంచి భీమే అనే అమ్మాయి వచ్చింది. సాయంత్రంలోగా జగదల్‌పూర్‌లో పిలుపు కాగితం చూపిస్తేనే నర్సింగ్ సీటు. బస్సు కదలడానికి పావుగంటే ఉంది.

సావిత్రమ్మ ప్రింటు నొక్కింది. రాలేదు. మళ్లీ నొక్కింది. భీమే నాలుగుసార్లు నొక్కింది. కత్తెర పట్టుకునే వచ్చి భర్త ఈశ్వరరావు కూడా ఐదుసార్లు నొక్కాడు. ప్రింటరు కిక్కురుమనలేదు.

"నిన్న దీన్ని వెనక గదిల నుంచి ముందుకు తెచ్చినం గదా?" అన్నాడాయన.

సావిత్రమ్మ నెత్తి కొట్టుకుంది. ప్రింటరేమో పిలిస్తే తప్ప పలకని మొహమాటస్తురాలు. అది చోటు మారిందని తెలియని స్విచ్చి కాగితాలన్నీ ఖాళీ గదికే పంపుతోంది!

బయట బస్సు హారన్ కొట్టింది. భీమే కళ్లలో నీళ్లు తిరిగాయి. సావిత్రమ్మ గబగబా స్విచ్చి జ్ఞాపకాలన్నీ తుడిచేసి, గడువు మళ్లీ ఐదు నిమిషాలకు పెట్టింది.

ప్రింటరు ఎక్కడుందో మరిచిన స్విచ్చి ఈసారి అన్ని గదులకూ కబురు పంపింది. ప్రింటరు మూలిగింది. ఒక కాగితం వచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి! నొక్కినవన్నీ వరస కట్టి పదకొండు వచ్చిపడ్డాయి. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. సావిత్రమ్మకైతే చిన్నపిల్లలా గంతులేయాలనిపించింది, ఒక గంతు వేసింది కూడా.

భీమే ఒక కాగితం సంచిలో పెట్టుకుని, ఇంకొకటి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచుకో అమ్మా. నీ డబ్బా మరిస్తే మరవనీ, నువ్వు నన్ను మరవకు."

అంటూనే బస్సు వైపు పరుగెత్తింది. సావిత్రమ్మ చెప్పులైనా లేకుండా రోడ్డు మీదికొచ్చి, సంతంతా వినేలా అరిచింది.

"మీ నాయనమ్మ ఎర్రంచు చీర కొన్నది మా కాడనే! నిన్నెట్ల మరుస్తనే పిల్లా!"