ఫుసాయే ఇంటి జంటరక్తం

నారుతో ఊళ్లో తామరదుంపలు తవ్వే ఫుసాయే నడుములోతు బురదలో నిలబడి కూడా నోరు మూసేది కాదు. భర్త కియోమాత్సు ఆమెకు పూర్తిగా ఎదురు. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే గొప్ప.

ఆ ఊళ్లో జాతకాలకన్నా రక్తం గ్రూపుల మీదే జనానికి గురి. ఫుసాయేది ఏబీ, భర్తది ఓ. "ఏబీ వాళ్లకు రెండు నాలుకలట!" అని పక్కమడి ఆడవాళ్లు ఆటపట్టిస్తే, "మూడోది కూడా ఉంది, నీ కోసమే దాచా" అనేది.

కూతురు చినామి హైస్కూల్లో చేరిన ఏడాది వంశపారంపర్యం పాఠం చెప్పారు. ఆ సాయంత్రం పిల్ల అన్నం ముట్టలేదు.

"అమ్మా, ఏబీకీ ఓకీ పుడితే ఏ గానీ బీ గానీ కావాలిట. నేనేమో ఏబీ, తమ్ముడు ఓ. మేము మీ పిల్లలమేనా?"

ఫుసాయే వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే వదిలేసింది. అత్తగారు తాత్సు చేతిలోని అన్నం తినే పుల్లలు కింద పెట్టింది. ఆవిడంటే ఇంటిల్లిపాదికీ హడల్.

"ఒక్కళ్లు తేడా అయితే కోడల్ని అడిగేదాన్ని. ఇద్దరూ తేడా అంటే అడగాల్సింది ఆ పుస్తకాన్ని! మీ తమ్ముడి కాళ్లు చూడవే, ఆ వంకర చిటికెనవేలు మీ తాతది కాక ఇంకెవరిది?"

"రేపు ఆస్పత్రికి పోదాం," అన్నాడు కియోమాత్సు. "నాకు అనుమానం ఉండి కాదు. పిల్ల తినట్లేదు."

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఫుసాయే రక్తంలో బీ గుణం బలహీనంగా ఉండటం చూసి, ఆమె తండ్రినీ రప్పించింది. కొన్నాళ్లకు అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"మామూలుగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. మీకు ఏ, బీ రెండూ ఒకే జన్యువులో జతకట్టి మీ నాన్నగారి నుంచి వచ్చాయి, మీ అమ్మగారి నుంచి ఓ వచ్చింది. అది అందిన బిడ్డ ఏబీ, అందని బిడ్డ ఓ. అరుదే గానీ, మన తొకుషిమా వైపు కాస్త ఎక్కువే."

చినామి ఆ రోజు మూడు గిన్నెల అన్నం తింది.

ఫుసాయేకు మాత్రం మేనత్త నుయి గుర్తొచ్చింది. అవాజీ దీవిలో ఉంటుంది. ఆమెదీ ఏబీ, కొడుకుదీ ఏబీ, మొగుడిది ఓ. ఆ కొడుకు తన మనవడు కాడని నుయి ముసలత్త ఆమెను ఏళ్లుగా దెప్పుతూనే ఉంది.

"పడవెక్కుదాం, నేనూ వస్తా," అంది తాత్సు. "అత్తకు ఇంకో అత్త చెబితేనే మాట దిగుతుంది."

అవాజీలో ముసలావిడ ముందు కూర్చుని తాత్సు జంటరక్తం సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. చివర్లో, "అక్కయ్యా, నేనూ అత్తనే, తప్పొప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. పళ్లు బిగించి ఒప్పేసుకో!" అంది.

ముసలావిడ లేచింది. తనే టీ పోసి, మొదటి కప్పు కోడలు నుయి ముందు పెట్టింది.

"చల్లారకముందే తాగమ్మా," అంది.