పొగ తాగిన ఇటుక

మా దీవిలో, గరాచర్మ పేటలో మా మేడమీద అద్దెకున్న పరిశోధకురాలిని అందరూ ఇటుకల దీదీ అనేవారు. పవర్‌హౌస్ డీజిల్ పొగను పట్టి, కూల్చిన ఇళ్ల సిమెంటు పొడికి తాగించి ఇటుకలు చేసేది. ప్రతి ఇటుకనూ వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి వినేది. "గట్టిపడింది బాబాయ్. పొగ ఇక బయటికి రాదు" అనేది, పసిబిడ్డ నిద్రపోయిందన్నంత మెల్లగా.

నా నోరు ఊరుకుంటుందా? హాడోలో టీ బంకు దగ్గర కోతలు కోశాను. "వాన పడితే ఆ ఇటుకలు పొగ కక్కుతాయిరా! నిన్న మా పిల్లి తుమ్మి తుమ్మి మూర్ఛపోయింది."

ఆ కోత నాకంటే ముందే గరాచర్మ చేరింది. ఆ వారమే మా వీధిలో ఆమె ఇటుకలతో బస్ షెల్టర్ కట్టాలి. అది లేస్తేనే ఆమె పరిశోధన సాగుతుంది. పునాది తీసేచోట ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. "మా పిల్లలు విషం పీల్చాలా? మాకొద్దు, నహీ చాహియే!"

"పిల్లి సంగతి అబద్ధమని మీరే చెప్పండి బాబాయ్" అంది దీదీ.

చెప్పాను. ఒట్టేసి చెప్పాను.

"నువ్వు నిజం చెప్పిందెప్పుడు భయ్యా?" అని నవ్వారు.

షెల్టర్ ఆగింది, పరిశోధనా ఆగింది. ఇటుకలన్నీ ఎక్కడో గుంత పూడ్చడానికి పోయాయి. ఓడెక్కేరోజు ఆమె మేడ దిగి వచ్చింది. మిగిలిన ఒక్క ఇటుకను మా గుమ్మం ముందు పెట్టి, తట్టి, విని వెళ్లిపోయింది.

ఎన్నో వానల్లో నానింది ఆ ఇటుక. మా పిల్లి రోజూ దానిమీదే పడుకుంటుంది.