సూర్యప్రకాష్ కట్టిన ఎడిటర్

గుణదల సూర్యప్రకాష్‌కి రెడీమేడ్ సాఫ్ట్‌వేరంటే హోటల్ కూడంత చులకన. ఏదైనా సరే, దాని ముడిసరుకైన సోర్సు కోడు దించుకుని, ఇంట్లో కంప్యూటర్ మీద తనే కంపైల్ చేసి, పనిచేసే ప్రోగ్రాముగా వండుకుంటేనే తృప్తి. తెర మీద ఇంగ్లీషు వరసలు జరజరా పైకి పాకుతుంటే, బనీను మీద చేతులు కట్టుకుని, పొంగబోయే పాలను చూసినట్టు చూస్తాడు. భార్య ఛాయాదేవి టీచరు; కూచిపూడి దాకా రోజూ బస్సులో నిలబడి వెళ్లొస్తుంది.

"బదిలీ దరఖాస్తుకి ఇవాళే ఆఖరండీ. కాస్త టైపు చేసి పెట్టండి" అంది ఆ రోజు.

"టైపు చేసుకోడానికి కొత్త ఎడిటర్ ప్రోగ్రాము కడుతున్నా. అందులోనే కొడదాం, పది నిమిషాలాగు."

దానికి కావాల్సిన ఏదో లైబ్రరీ ఫైలు లేదని కంపైలింగ్ ఆగిపోయింది. అది తెచ్చిపెడితే ఇంకోటి లేదంది. తప్పు దొరికినకొద్దీ సూర్యప్రకాష్‌కి హుషారెక్కింది. ఛాయాదేవి గడియారం చూసి, తెల్లకాగితం మీద చేత్తోనే రాసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి ఎడిటర్ తెరుచుకుంది. ఖాళీ తెర మీద కర్సర్ మిణుకుమంటోంది.

"ఊఁ, చెప్పు! ఏం రాయాలి?"

"ఇచ్చేసొచ్చానండీ. తీసుకున్నారు."

అతను తన పేరు కొట్టాడు. చెరిపేశాడు. కాసేపు కీబోర్డు నిమిరాడు.

"పోనీ, ఈ బదిలీ అయ్యాక అక్కణ్ణించి ఇంకెక్కడికైనా బదిలీ కావాలా?" అన్నాడు ఆశగా.