ఖాలా తీసేసిన కుర్చీ

మొన్న శుక్రవారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "ఖాలా పోయింది బిడ్డా. నిద్రలనే పోయిందట," అని పెట్టేసింది. మొఘల్‌పురాలో మా ఎదురింటి ఆమె. మాకు చుట్టం కాదు, మతం కూడా వేరు. అయినా మాటలు వచ్చినప్పటి నుంచి ఆమెను ఖాలా అనే పిలిచాను, పిన్నిని పిలిచినట్టే. ఆమె నాకు చేసిన మేలు మా గల్లీలో కొందరికి ఇప్పటికీ మేలులా కనిపించదు. అందుకే ఆ సంగతి మీకు నేనే చెప్పాలి.

మా గల్లీలో ఎవరింట్లో పెళ్ళిచూపులున్నా ముందుగది సర్దడానికి ఖాలాను పిలవాల్సిందే. పిలవకపోయినా వచ్చేది. గడపలో నిలబడి ఒకసారి గదంతా చూసి, "ఇల్లా, దుకాణమా? గిన్ని బొమ్మలేంది?" అనేది. టైలర్ల దగ్గర మిగిలిన గుడ్డముక్కలు తెచ్చి దిండ్లకు గలేబులు కుట్టేది. ప్లాస్టిక్ పూలు కనిపిస్తే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది. "పూలు లేకుంటే లేవు. అబద్ధాలెందుకు?" అంటూ, కడిగి తెస్తానని పట్టుకుపోయేది. అవి తిరిగి రావడం ఎవరూ చూడలేదు. మా అమ్మ గులాబీలు కూడా అలాగే మాయమయ్యాయి.

నాకు సంతోష్‌నగర్ సంబంధం వచ్చింది. అంతకుముందు వచ్చినవి ఒక్కొక్కటే తప్పిపోవడంతో, ఇది కూడా పోతే ఇంకేమీ మిగలదన్నట్టు ఉండేది అమ్మ. పక్కింటి నుంచి సోఫా మోయించింది, పై వాటా నుంచి కుర్చీలు తెప్పించింది. ఖాలా కొత్త పరదా కట్టి, దుప్పట్లు మార్చి, అంతా అయ్యాక ఒక కుర్చీ ఎత్తుకుని వంటింటి వైపు నడిచింది.

"అదెందుకు తీస్తున్నవ్ ఆపా? మనుషులకు సరిపోవు," అంది అమ్మ. ఖాలాను ఆమె అక్కా అన్నట్టు ఆపా అనేది.

"సరిపోవద్దనే. ఎవరు లేస్తరో చూద్దాం."

"నా బిడ్డ బతుకుతోని ఆటలా?" అమ్మ కుర్చీకి అడ్డం వచ్చింది.

"నేను గూడ దాని బతుకే చూస్తున్న, చెల్లె."

తర్వాత నన్ను పరదా వెనక్కి లాక్కెళ్ళింది. మా ముందుగది ఫ్యాన్ స్విచ్ లోపలి గోడకు ఉంటుంది. దాన్ని వేలితో చూపించింది. "ఆళ్ళు నిన్ను చూస్తరు. నువ్వు గూడ ఆళ్ళను మంచిగ చూడు. వద్దనిపిస్తే ఫ్యాన్ బంద్ చెయ్. మిగిలింది నేను చూసుకుంట, ఫికర్ చెయ్యకు."

మే నెల. వాళ్ళు వచ్చారు, కూర్చున్నారు, గది నిండిపోయింది. బస్ డిపోలో రిటైరైన మా బాపుకు మోకాలు నొప్పి. ఆయన తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అబ్బాయి సోఫాలో కూర్చుని తన పక్కన హెల్మెట్ పెట్టుకున్నాడు. నేను చాయ్ ఇస్తుంటే ఖాలా గట్టిగానే అడిగింది, "భాయ్, మోకాలు నొస్తలేదా?" బాపు పర్వాలేదన్నాడు. అబ్బాయి తలెత్తి బాపును చూశాడు. హెల్మెట్‌ను సోఫా మీంచి తీయకుండానే కాస్త తన వైపు జరుపుకుని, మళ్ళీ ఫోన్‌లో పడిపోయాడు.

నన్ను లోపలికి పంపారు. పరదా సందులోంచి చూస్తున్నాను. "పిల్ల మాకు నచ్చింది. మీరు ఊ అంటే ఈ నెలలనే పెట్టుకుందాం," అంది అబ్బాయి తల్లి. అమ్మ మొహం వెలిగిపోయింది. స్విచ్ మీద వేలు పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. అమ్మ నన్ను బతకనివ్వదనుకున్నాను. అప్పుడే బాపు నొప్పి కాలు నేల మీంచి కొద్దిగా పైకెత్తి, రెండో కాలి మీద బరువు మోపుకున్నాడు. ఫ్యాన్ ఆపేశాను.

అందరూ తలెత్తి ఫ్యాన్ వైపు చూశారు. "కరెంటు పోయిందా?" అంది అబ్బాయి తల్లి. ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంది.

"కరెంటు ఉన్నదమ్మా," అంది ఖాలా. "పిల్లకు ఇష్టం లేదు."

వాళ్ళు ఎలా వెళ్ళారో చెప్పను. మెట్ల మీద అన్న మాటలు గల్లీ అంతా విన్నది. తలుపు వేసీ వేయకముందే అమ్మ ఖాలా మీద విరుచుకుపడింది. "కుర్చీ ఉంటే గింత లొల్లి అయ్యేదా?"

"కుర్చీ లేకుంటే ఏమాయె? హెల్మెట్ కింద పెట్టొచ్చు గద, చెల్లె."

ఒక్క కుర్చీతో మనిషిని తూచవచ్చా అని నాకు ఇప్పటికీ అనుమానమే. ఆ అబ్బాయి ఆ తర్వాత మారి ఉండవచ్చు. కానీ నీకు ఇష్టమేనా అని మా ఇంట్లో అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. అడగాలని తోచింది ఖాలాకే. ఆమెను తలచుకుంటే ఏడుపు వచ్చేది అందుకే.

ఖాలా బాపును సోఫాలో కూర్చోమని, చల్లారిపోయిన చాయ్ తీసేసి వేడిది ఇచ్చింది. ఆయన కాలు చాపుకుని, ఎవరినీ చూడకుండా తాగాడు. అందరికీ చెమటలు కారుతున్నాయి. అమ్మ విసురుగా లేచి పరదా తోసుకుని నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. స్విచ్ మీద ఇంకా బిగుసుకునే ఉన్న నా వేళ్ళను మెల్లగా పక్కకు తీసి, తానే ఫ్యాన్ వేసింది. అవతల గదిలో ఖాలా కళ్ళు మూసుకుని గాలికి మొహం పైకెత్తింది.